నవ్వించే క్షణం కోసం కాపు కాయడం: హైదరాబాద్‌లో వన్యప్రాణుల చిలిపి చేష్టలను ఫోటో తీసే పద్ధతి

గాలిలో తలకిందులైన ఉడుత, కొమ్మ మీద వాలబోయి తూలిన కొంగ, ఆడ నెమలి తలెత్తి కూడా చూడకపోయినా పురి విప్పి గిరగిరా తిరిగే మగ నెమలి: ఇలాంటి ఫోటోలు చూసినప్పుడు చాలామంది మొదట అనే మాట, తీసినవారి అదృష్టం బాగుందని. అందులో నిజం కొంతే ఉంది. పక్షులు, జంతువులు చేసే వింత చేష్టల్లో ఎక్కువ భాగం అవి నిత్యం చేసేవే. పైగా ఒక్కొక్క చేష్టకు ముందు వాటి ఒంట్లో ఏదో ఒక సూచన కనిపిస్తుంది. కంటితో చూసిన దానికి స్పందించి వేలు నొక్కడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. అంతలో పిట్ట తన పని ముగించుకుని మళ్లీ మామూలుగా కూర్చుంటుంది. అందువల్ల చూశాక నొక్కడం కాదు, జరగబోతోందని తెలిసి నొక్కడం నేర్చుకోవాలి. ఈ వ్యాసంలో కెమెరా గురించి కంటే ఆ సూచనల గురించే ఎక్కువగా చెప్పడానికి కారణం అదే.

ఇందుకోసం పులుల అభయారణ్యానికి ప్రయాణం కట్టనవసరం లేదు. పాల్ జాయ్‌న్సన్-హిక్స్, టామ్ సల్లమ్ 2015లో ప్రారంభించిన కామెడీ వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రఫీ పోటీలో తొలి ఏడాది మొదటి బహుమతి నోటి నిండా గడ్డి కుక్కుకుని పరుగెత్తుతున్న ఒక చిట్టెలుక జాతి జంతువు ఫోటోకు దక్కింది. 2023లో గిటారు వాయిస్తున్నట్టు నిలబడిన కంగారూకు, 2024లో చెట్టు తొర్రలో ఇరుక్కున్నట్టు కనిపించే ఉడుతకు ఆ గౌరవం లభించింది. కంగారూ, ఉడుత ఆయా దేశాల్లో అపురూపమైన జంతువులు కావు. మన నగరంలోనైతే ఉడుత, తొండ, గోరింక, కాకి, పసులపోలిగాడు అనే నల్లపిట్ట ప్రతి కాలనీలోనూ ఉన్నాయి, మనుషులకు బాగా అలవాటుపడ్డాయి కూడా. మనిషిని చూసి బెదరని ప్రాణి మాత్రమే తన సహజమైన చేష్టలను మన ముందు చేస్తుంది కనుక, కొత్తగా నేర్చుకునేవారికి దట్టమైన అడవి కంటే హైదరాబాద్ మంచి పాఠశాల అని నా అభిప్రాయం.

ముందుగా ఒక ప్రాణిని ఎంచుకోవాలి

కనిపించిన ప్రతిదాన్నీ తీయాలనుకునేవారికి గుర్తింపు కోసం ఉపయోగపడే ఫోటోలు వస్తాయి కానీ నవ్వించే ఫోటోలు అరుదుగా వస్తాయి. ఒక జాతిని ఎంచుకుని, కనీసం ఒక రుతువు పాటు దాన్ని ఒకే చోట గమనించడం మేలు. మొదటి కొన్ని రోజులు కెమెరాను ఇంట్లోనే ఉంచి, అది ఎప్పుడు తింటుంది, ఎక్కడ వాలుతుంది, దేనితో గొడవపడుతుంది, గొడవకు ముందు ఏం చేస్తుంది అనే విషయాలను చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఈ మాట వినగానే చాలామందికి విసుగు కలుగుతుంది. అయినా దీనికి ప్రత్యామ్నాయంగా చెప్పదగిన లెన్స్ ఏదీ లేదు.

ఉడుతనే తీసుకుందాం. రెండు ఉడుతలు వేప చెట్టు మొదలు చుట్టూ మెలికలు తిరుగుతూ తరుముకుంటున్నప్పుడు వాటి వెంట కెమెరాను తిప్పడం వృథా ప్రయాస. ముందున్నది చెట్టు వెనక్కి వెళ్లగానే, అది తిరిగి ఇవతలికి వచ్చే వైపు మీద, కాస్త ఎత్తులో ఫోకస్ పెట్టి ఆగాలి. తరిమేది ఒక్కసారి ఆగి, తోకను కుదుపుతూ అరిచిందంటే ఆట ముగిసిందని గాని, పిల్లి లేదా డేగ కంటపడిందని గాని అర్థం. గుమ్మం ముందరి కొబ్బరి పీచు పట్టాను పళ్లతో పీకి, మీసాల్లా రెండు వైపులా వేలాడేటట్టు నోట్లో పెట్టుకుని గూటికి పరుగెత్తే ఉడుతను తీయాలనుకుంటే పని ఇంకా సులువు, ఎందుకంటే అది పీచు కోసం అదే పట్టా దగ్గరికి, అదే దారిలో పదే పదే వస్తుంది.

తొండ విషయంలో సూచన స్పష్టంగా ఉంటుంది. సంతానోత్పత్తి కాలంలో మగ తొండ తల, గొంతు ఎర్రబడతాయి. అది గోడ మీదనో, బండ మీదనో ఎత్తయిన చోటు చూసుకుని, ముందుకాళ్లతో శరీరాన్ని పైకి లేపుతూ దించుతూ వ్యాయామశాలలో దండీలు తీసేవారిలా కనిపిస్తుంది. మరో మగ తొండ దృష్టిలో పడితే ఈ ప్రదర్శన జోరందుకుంటుంది. బండ మీద అది ఎంచుకున్న ఎత్తయిన చోటు తరచుగా మారదు కనుక, వెనుక దూరంగా పచ్చదనం వచ్చేటట్టు మనం కూర్చునే స్థలాన్ని ముందే నిర్ణయించుకోవచ్చు.

పిట్టల సూచనలు

చాలా పక్షులు ఎగిరే ముందు ముందుకు వంగుతాయి, కాళ్లను కొంచెం మడుస్తాయి, తరచుగా రెట్ట వేసి బరువు దించుకుంటాయి. రెట్ట వేయగానే షట్టర్ మీద వేలు సిద్ధంగా ఉండాలన్నది అనుభవజ్ఞులైన పక్షి ఫోటోగ్రాఫర్లు కొత్తవారికి నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. అందువల్ల గాలి మన వీపు మీదికి వీస్తున్న చోట నిలబడితే వాటి ముఖం మన వైపు ఉంటుంది, లేకపోతే తోక ఫోటోలతోనే కార్డు నిండుతుంది. ఒక రెక్కను, అదే వైపు కాలును కలిపి బారుగా చాచిన పక్షి, సాధారణంగా రెండో వైపు కూడా అలాగే చాస్తుంది. మొదటిది తప్పిపోయినా రెండోది దొరుకుతుంది. ఆ తర్వాత ఒళ్లంతా ఉబ్బించి ఒక్కసారి విదిలించుకునే అవకాశం ఉంది, నవ్వు తెప్పించే ఆకారం అప్పుడే కనిపిస్తుంది.

తేనెటీగలను పట్టి తినే పసిరిక పిట్ట గాలిలోనే ఈగను పట్టి, బయలుదేరిన తీగ మీదికో కొమ్మ మీదికో తిరిగి వస్తుంది. వెంటనే మింగదు. ఈగను కొమ్మకేసి బాది, రాపాడించి, కొండిలోని విషాన్ని వదిలించి, చివరికి నోట్లో సరిగ్గా పడేటట్టు పైకి ఎగరేసి అందుకుంటుంది. బాదడం ఆగిన క్షణమే మనకు సూచన. చెరువుల్లో కనిపించే పాముమెడ నీటికాకి కూడా ఇలాంటిదే. అది నీటిలో చేపను ముక్కుతో పొడిచి పైకి తెస్తుంది, తల ముందు నోట్లోకి వెళ్లేటట్టు చేపను గాలిలోకి విసిరి పట్టుకుంటుంది. ముక్కుకు గుచ్చుకున్న చేపతో తల నీటి పైకి రాగానే ఫోకస్ పెట్టుకుని కనిపెట్టుకుని ఉండాలి. చేప పెద్దదైతే విసరడం ఒకటి రెండు సార్లతో ముగియదు.

పాత చెట్ల తొర్రల్లో కాపురముండే పైడికంటి అనే చిన్న గుడ్లగూబ మనల్ని చూసి తలను పైకీ కిందికీ, పక్కలకూ ఊపుతుంది. గుడ్లగూబల కళ్లు కనుగూటిలో కదలవు. తల కదిపి వేర్వేరు కోణాల నుంచి చూసినప్పుడే వాటికి దూరం సరిగ్గా అంచనాకు వస్తుంది. ఫోటోలో మాత్రం అది మనల్ని ఎగాదిగా చూస్తున్నట్టుగా ఉంటుంది. ఇక్కడ వేగం అక్కర్లేదు. తల ఒక వైపుకు పూర్తిగా వాలి, తిరిగి వచ్చే ముందు నిమిషమంతా కాకపోయినా ఒక లిప్తపాటు ఆగుతుంది, అప్పుడు తీయాలి. చాలాసేపు అలాగే ఊపుతూ మన మీదే కళ్లు పెట్టిందంటే మన రాక దానికి ఇబ్బందిగా ఉందని గ్రహించి వెనక్కి జరగాలి.

గిజిగాడి పెళ్లిచూపులు

వానాకాలంలో ఒకే ఒక్క జాతికి సమయం కేటాయించగలమనుకునేవారికి నా సలహా గిజిగాడు. నగర శివార్లలో చెరువుల పక్కన తుమ్మ చెట్లకు, ఈత చెట్లకు వేలాడే దాని గూళ్లు అందరికీ తెలిసినవే, గూడు అల్లేటప్పుడు జరిగే నాటకం మాత్రం చూసినవారు తక్కువ. గూడు కట్టేది మగపిట్ట. గడ్డి పరకను, ఈత ఆకును సన్నని పోగుగా చీల్చి తెచ్చి, ఎన్నో రోజులు శ్రమించి సగం గూడు అల్లుతుంది. ఆ దశలో గూడు శిరస్త్రాణంలా ఉంటుంది. అప్పుడు ఆడపిట్టలు వచ్చి పరిశీలిస్తాయి. వాటిని చూడగానే మగపిట్టలన్నీ తమ తమ గూళ్లకు కింది నుంచి వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ ఒకేసారి గోల చేస్తాయి. ఆడపిట్ట లోపలికి తల పెట్టి చూసి, పోగు ఒకటి లాగి చూసి, నచ్చకపోతే వెళ్లిపోతుంది. ఎవరికీ నచ్చని గూటిని కట్టిన పిట్టే చివరికి వదిలేసి మరొకటి మొదలుపెడుతుంది. ఇంతలో పక్కింటి పిట్ట ఇటు తిరిగిన అదను చూసి దాని గూటి నుంచే పోగు లాక్కుని పోయే దొంగ కూడా ఒకటి ఉంటుంది.

ఇంత కథ ఒకే చెట్టు మీద నడుస్తుంది గనుక ఎక్కడ ఫోకస్ పెట్టాలన్నదే ప్రశ్న. ఆడపిట్ట రాకను కళ్లతో వెతకడం కంటే చెవులతో తెలుసుకోవడం తేలిక, ఎందుకంటే అది చెట్టును సమీపించగానే కిచకిచల శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. సగం అల్లిన గూళ్లలో, వెనుక ఆకాశం కాకుండా దూరపు పచ్చదనం వచ్చే ఒక గూటిని ముందే ఎంచుకుని, దాని అంచు మీద ఫోకస్ ఉంచుకోవాలి. శబ్దం పెరిగిన వెంటనే చిన్న చిన్న వరుసల్లో తీయాలి. రెండు పిట్టలూ స్పష్టంగా రావాలంటే అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం వెడల్పును) ఎఫ్ 8 దగ్గర ఉంచడం మంచిది, ఎందుకంటే ఎఫ్ 5.6 దగ్గర ఒకదాని కన్ను స్పష్టంగా ఉంటే రెండోది మసకబారే ప్రమాదం ఉంది. దొంగ పిట్టను పట్టాలనుకునేవారు గడ్డి కోసం యజమాని ఎగిరిపోయిన గూటిని కనిపెట్టుకుని ఉండాలి. పూర్తిగా అల్లిన, గొట్టంలాంటి ద్వారం దిగిన గూళ్ల జోలికి మాత్రం పోరాదు, వాటిలో గుడ్లో పిల్లలో ఉండవచ్చు.

కెమెరా అమరికలు

చిలిపి చేష్టల ఫోటోల్లో ఎక్కువ చెడిపోయేది షట్టర్ స్పీడ్, అంటే కెమెరా తెర తెరిచి మూసుకునే వేగం, తక్కువ కావడం వల్లనే. కూర్చున్న గుడ్లగూబకు సెకనులో 1/320 వంతు సరిపోవచ్చు, ఉడుతల తరుముడుకు 1/1600, పరుగెత్తే కృష్ణజింకకు, ఎగిరే కొంగకు 1/2000, ఈగను ఎగరేసే పసిరిక పిట్టకు 1/3200 వరకు కావాలి. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) పెంచడానికి జంకనవసరం లేదు. దానివల్ల వచ్చే గరుకుదనాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మదగినట్టుగా సరిచేయదు. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ స్పీడ్‌ను, అపర్చర్‌ను మనమే నిర్ణయించి, ఐఎస్ఓను ఆటోకు వదిలివేయడం ఈ పనికి అన్నిటికంటే అనువైన పద్ధతి. నిశ్చలంగా ఉన్న ప్రాణి ఒక్కసారి గంతు వేసినా షట్టర్ మార్చుకునే తీరిక ఉండదు కనుక, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా 1/1000కు తగ్గకుండా ఉంచుకునేవారు నష్టపోరు.

ఆటోఫోకస్‌ను కదిలే వస్తువులను నిరంతరం అనుసరించే మోడ్‌లో పెట్టాలి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో జంతువుల కంటిని గుర్తించే సౌకర్యం బాగా పనిచేస్తుంది కానీ, కొమ్మల మధ్య దూరిన ఉడుత దగ్గర అది ఆకుల మీదికి జారిపోవచ్చు. అలాంటి చోట ఫోకస్ ప్రాంతాన్ని చిన్నదిగా చేసుకోవాలి. సెకనుకు 10 ఫ్రేములు తీసే కెమెరాలో రెండు ఫ్రేముల మధ్య పదో వంతు సెకను ఖాళీ ఉంటుందని, నవ్వు తెప్పించే ముఖకవళిక ఆ ఖాళీలో పడిపోవచ్చని గుర్తుంచుకోవాలి. కనుక వేలు నొక్కిపట్టి ఉంచితే చాలునన్న భరోసా తగదు. పైగా బఫర్ (కెమెరాలో ఫ్రేములు తాత్కాలికంగా నిలిచే చోటు) నిండితే అసలు సమయానికి కెమెరా మొరాయిస్తుంది. షట్టర్‌ను సగం నొక్కి ఉంచితే అంతకు ముందరి కొద్ది క్షణాల ఫ్రేములను కూడా దాచిపెట్టే ప్రీ-క్యాప్చర్ సౌకర్యం ఇప్పుడు కొన్ని కెమెరాల్లో వచ్చింది. అది ఉంటే పిట్ట ఎగిరే క్షణాన్ని పట్టడం ఎంతో సులువవుతుంది. అయితే దీన్ని ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనే వాడాలి గనుక, సెన్సర్ నెమ్మదిగా చదివే కెమెరాల్లో వేగంగా ఆడే రెక్కలు వంకరపోతాయి.

ఫ్రేమ్ విషయంలో ఒకే నియమం చెబుతాను: జూమ్ కొంచెం తగ్గించి ఉంచాలి. ప్రాణి ఫ్రేమ్ నిండా ఉన్నప్పుడు అది గెంతితే చెవులో, కాళ్లో, రెక్క కొసలో తెగిపోతాయి. హాస్యమంతా చాలాసార్లు ఆ కాళ్లలోనే ఉంటుంది. తర్వాత కత్తిరించుకోవచ్చు కానీ అతికించలేము.

వెలుతురు కొలతలో రెండు సందర్భాలు తరచుగా ఇబ్బంది పెడతాయి. ముదురు నీటి మీద తెల్ల కొంగ ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకు (అంటే వెలుతురును సగానికి) తగ్గించకపోతే ఈకల గీతలు మాయమై తెల్లని ముద్ద మిగులుతుంది. ప్రకాశవంతమైన ఆకాశం ముందు, బర్రె వీపు మీద సవారీ చేసే పసులపోలిగాడికి ఒక స్టాప్ పెంచకపోతే కన్నే కనిపించదు. ఆ పిట్ట తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన గద్దను వెంటపడి తరిమే దృశ్యం కూడా మన చెరువు గట్ల మీద తరచుగా కనిపిస్తుంది. గద్ద తల తిప్పి వెనక్కి చూసిన క్షణం దొరికితే ఆ ఫోటోకు వ్యాఖ్య అవసరం ఉండదు.

ఫోన్ మాత్రమే ఉన్నవారు నిరాశపడవద్దు. తొండ, ఉడుత, కాకి మనకు బాగా దగ్గరగా వచ్చేవే. లెన్స్‌ను గుడ్డతో తుడవడం, మంచి వెలుతురులో బర్స్ట్ (వరుసగా ఫ్రేములు తీసే పద్ధతి) వాడడం, డిజిటల్ జూమ్‌ను మానడం అనే మూడింటితోనే సగం పని అవుతుంది.

మిద్దె మీద మట్టి మూకుడు

ఎండాకాలంలో ఇంటి నుంచి కదలకుండా మంచి ఫోటోలు తీయడానికి ఉత్తమమైన మార్గం ఒక వెడల్పాటి, లోతు తక్కువైన మట్టి మూకుడులో నీళ్లు పోసి మిద్దె మీదనో, బాల్కనీ గోడ మీదనో పెట్టడం. అపార్టుమెంటు రెండో, మూడో అంతస్తు చాలా చెట్ల కొమ్మల ఎత్తుకు సమానంగా ఉంటుంది గనుక, కింద నుంచి పొట్టలను తీసే బాధ తప్పి, పిట్ట కంటికి ఎదురుగా మన కన్ను ఉంటుంది. నీళ్లలో రెండు అంగుళాలకు మించి లోతు ఉండకూడదు. పక్కనే ఒక ఎండుకొమ్మను నిలబెడితే వచ్చిన పిట్ట ముందుగా దాని మీద వాలి, నలువైపులా చూసి, ఆ తర్వాత దిగుతుంది. ఆ కొమ్మే మనకు హెచ్చరిక గంట.

గోరింకలు స్నానం చేసే తీరు గొప్ప వినోదం. ఒకటి దిగి నీళ్లన్నీ చిమ్ముతుంటే మిగిలినవి గట్టు మీద తమ వంతు కోసం అసహనంగా నిలబడతాయి, పిగిలిపిట్ట మధ్యలో ఒక్క మునక వేసి పారిపోతుంది. నీటి బిందువులు విడివిడిగా మెరవాలంటే పొద్దున సూర్యుడు పిట్టకు వెనుక పక్కగా ఉండేటట్టు మూకుడును అమర్చి, వెనుక ముదురు నీడ వచ్చేటట్టు చూసి, 1/1600 లేదా అంతకంటే ఎక్కువ వేగంతో తీయాలి. స్నానం తర్వాత తల ఈకలు నిక్కబొడుచుకున్న పిగిలిపిట్ట ముఖం అసలు స్నానం కంటే బాగుంటుంది, కనుక అది ఎండుకొమ్మ మీదికి తిరిగి చేరేదాకా కెమెరా దించవద్దు. నీళ్లను ప్రతిరోజూ పారబోసి మూకుడును రుద్ది కడగాలి. డెంగీని వ్యాపింపజేసే దోమలు ఇలాంటి చిన్న పాత్రల్లోని నిలవ నీటిలోనే పెరుగుతాయి, మురికి నీళ్ల వల్ల పిట్టలకూ జబ్బులు అంటుకుంటాయి.

ఇదే బాల్కనీ నుంచి కనిపించే మరో దృశ్యం, నిలిపి ఉంచిన కారు అద్దంలో తన ప్రతిబింబాన్ని చూసి ప్రత్యర్థి అనుకుని పోట్లాడే తేనెపిట్ట. ఫోటో తీసుకున్న తర్వాత అద్దాన్ని మడవడమో, గుడ్డ కప్పడమో చేయాలి. ఆ పోట్లాటలో గెలుపు లేదు గనుక పిట్ట తిండి మానేసి అలసిపోతుంది.

నగరంలో ఎక్కడికి వెళ్లాలి

జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనాన్ని 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. పొద్దున నడకకు వచ్చేవారి రద్దీకి అక్కడి నెమళ్లు అలవాటుపడ్డాయి. తొలకరి తర్వాత పురి విప్పే నెమలిని అందరూ ముందు నుంచే తీస్తారు. వెనక్కి వెళ్లి చూస్తే, మనం తోక అనుకునే పొడవైన ఈకలను నిలబెట్టే పొట్టి గోధుమరంగు అసలు తోక, దాని కింద దూదిలాంటి ఈకలు కనిపిస్తాయి. రాజసమంతా ముందు వైపే ఉందని తెలియజేసే ఈ కోణం నాకు చాలా ఇష్టం. మగ నెమలి ఆడ నెమలికి తరచుగా మొదట వీపు చూపించి, తర్వాత గిరుక్కున తిరుగుతుంది. ఈ తిరగడమే మనకు కావలసిన సూచన. వానాకాలం ముగిసేసరికి పొడవైన ఈకలు రాలిపోతాయి గనుక జూన్, జులై నెలలను వదులుకోరాదు. కెమెరాలకు సంబంధించిన నిబంధనలు, రుసుములు మారుతుంటాయి కాబట్టి ఏ ఉద్యానంలోనైనా గేటు దగ్గర అడిగి తెలుసుకున్నాకే లోపలికి వెళ్లాలి.

వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటభూమి. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ తీసిన వేట చిత్రాల్లో జంతువు కదలకుండా కనిపించడానికి కారణం అది అప్పటికే చచ్చిపడి ఉండడం. కదిలే జంతువునే కోరుకునే మనకు ఈ కాలం ఎంతో నయం. ఇక్కడి కృష్ణజింకల్లో పెద్ద మగది తన హద్దులో నడిచేటప్పుడు ముక్కు ఆకాశంలోకి ఎత్తి, చెవులు కిందికి వాల్చి, ఎవరినీ లెక్కచేయనట్టు నడుస్తుంది. తన హద్దును గుర్తుపెట్టడానికి ఒకే చోట పెంటికలు వేస్తూ, అక్కడికే మళ్లీ మళ్లీ వస్తుంది. కాబట్టి జింక వెంట తిరగడం మాని, పెంటికల కుప్ప కనిపించే దూరంలో ఆగితే అదే వస్తుంది. పిల్లలు నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడిచి గెంతుతాయి, ఒకటి గెంతితే వెనుక వచ్చేవి కూడా గెంతుతాయి. మొదటి దాన్ని వదిలి రెండోదాని మీద ఫోకస్ పెట్టాలి. ఎండ ఎక్కిన తర్వాత వేడి నేల నుంచి లేచే ఆవిరి వంటి కదలిక వల్ల దూరపు జింక అలలు అలలుగా కనిపిస్తుంది. అది లెన్స్ లోపం కాదు. వేసవిలో పొద్దున ఎనిమిదిన్నర దాటాక దూరపు దృశ్యాలను వదిలేయడమే మంచిది.

2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు, 1920లో కట్టిన గండిపేట జలాశయం చలికాలపు పక్షులకు అనువైనవి. నీటి అంచున మోకాళ్ల మీద కూర్చునో, పడుకునో తీస్తే నీటి కోడిపిల్లలు, కొంగలు మన ఎత్తుకు వస్తాయి. పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిప్పే మునుగుడు కోడి కనిపిస్తే, అది మునిగే ముందు పిల్లల పరిస్థితి ఏమిటన్నది చూసి తీరవలసిన దృశ్యం. తొలి భారీ వానల్లో శివారు కుంటల దగ్గర పసుపు రంగులోకి మారి, నీలిరంగు గొంతు సంచులు ఉబ్బించి అరిచే మగ బోదురుకప్పలు కొద్ది రోజులే కనిపిస్తాయి. వాటి మీద ఫ్లాష్ వెలుగును పదే పదే కొట్టకుండా, మాపటి వేళ మిగిలిన వెలుతురులోనే తీయడానికి ప్రయత్నించాలి.

నవ్వు కాని నవ్వు

జంతువు ముఖాన్ని మనిషి ముఖంలా చదవడం వల్ల ఈ రంగంలో ఎన్నో అపార్థాలు కలుగుతాయి. కోతి పళ్లు బయటపెట్టి ఇకిలించినట్టు కనిపిస్తే అది సాధారణంగా భయమో, లొంగుబాటో, పెద్ద మగకోతి నోరు బార్లా తెరిచి ఆవలించినట్టు కోరలు చూపిస్తే చాలాసార్లు బెదిరింపు. ఆ ఫోటో తీసినవారు మరో అడుగు ముందుకు వేస్తే నష్టపోయేది వారే. కోతులకు బిస్కెట్లు, అరటిపండ్లు చూపించి రకరకాల భంగిమలు రాబట్టడం మరీ తప్పు, ఎందుకంటే ఆ అలవాటు మర్నాడు అదే దారిలో నడిచే పసిపిల్లల చేతి సంచుల మీదికి వస్తుంది. ఆకును గొడుగులా పట్టుకున్న కప్ప, నత్త మీద సవారీ చేసే కప్ప వంటి ఫోటోలు ఇంటర్నెట్‌లో కొల్లలు. వాటిలో అనేకం పట్టి తెచ్చిన ప్రాణులను బలవంతంగా నిలబెట్టి తీసినవన్న విమర్శ ఉంది. సహజమైన క్షణానికి, కల్పించిన క్షణానికి తేడా తెలుసుకోవాలంటే ఆ ప్రాణి మామూలుగా ఆ పని చేస్తుందా అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే చాలు.

1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టడం కూడా వేట అనే నిర్వచనం కిందికే వస్తుంది. గూటికి అడ్డొచ్చిన కొమ్మను విరిచి ఫోటో తీసే అలవాటు ఉన్నవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు. ఆ కొమ్మే గూటికి ఎండ తగలకుండా, కాకి చూడకుండా కాపాడుతుంది. పిట్ట కూతను ఫోన్‌లో వినిపించి రప్పించడం కూడా వద్దు. లేని ప్రత్యర్థి కోసం వెతుకుతూ అది తన పిల్లల ఆకలిని మరచిపోతుంది.

ఎంపిక, వ్యాఖ్య, పంచుకోవడం

ఇంటికి వచ్చాక వరుసగా తీసిన ఫ్రేముల్లో కన్ను స్పష్టంగా లేనివాటిని ముందుగా తొలగించాలి. మిగిలినవాటిలో అందమైనదాన్ని కాక, జరుగుతున్నది ఏమిటో పరాయివారికి కూడా ఒక్క చూపులో అర్థమయ్యేదాన్ని ఎంచుకోవాలి. వెలుతురు, రంగు సరిచేయడం, కత్తిరించడం వరకు అభ్యంతరం లేదు. అడ్డొచ్చిన రెండో పిట్టను చెరిపేయడం, లేని చేపను చేర్చడం మాత్రం ఆ ఫోటోను ఫోటో కాకుండా చేస్తాయి.

వ్యాఖ్య రాసేటప్పుడు మన సామెతలే గొప్ప నిధి. వేసవి చివర, తనకంటే భిన్నంగా అరిచే కోయిల పిల్లకు ఓపికగా తిండి పెట్టే కాకి ఫోటో కింద "కాకి పిల్ల కాకికి ముద్దు" అని రాస్తే చూసేవారికి అసలు కిటుకు తెలిసి రెట్టింపు నవ్వు వస్తుంది. ఒంటికాలి మీద నిలబడిన కొంగకు జపం, ఎర్రబారిన తొండకు ఊసరవెల్లి ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి. ఒకటి కంటే ఎక్కువ వాక్యాలు రాయవలసి వచ్చిందంటే ఫోటోలో చాలనిదేదో ఉందన్న మాట. హాస్యం కోసం తప్పుడు సమాచారం మాత్రం ఇవ్వకూడదు. పక్కనే ప్రాణి సరైన పేరు, అది నిజంగా చేస్తున్న పని ఒక చిన్న వాక్యంలో ఉండాలి.

చివరగా, ఫోటోను ఎక్కడైనా పెట్టే ముందు దానిలో నిక్షిప్తమైన స్థల సమాచారాన్ని తొలగించాలి. గుడ్లగూబల విషయంలో ఇది తప్పనిసరి, ఎందుకంటే దీపావళి సమయంలో క్షుద్రపూజల కోసం వాటిని పట్టి అమ్మేవారు మన దేశంలో ఇప్పటికీ ఉన్నారు. చెట్టు పేరు, వీధి పేరు, పక్కనున్న గుడి పేరు రాయకుండా "హైదరాబాద్" అని మాత్రమే రాయాలి. ఫోటో వెనుక భాగంలో గుర్తుపట్టదగిన భవనమో, బోర్డో ఉంటే దాన్ని కూడా కత్తిరించాలి.